తాళం గొంతు

“ఏ పేజీలో అరిచిందో చూపించమన్నారు మా మేడం,” అంది ఆ అమ్మాయి.

మైకమ్మ అప్పుడే రికార్డింగ్ గదిలోంచి బయటికొచ్చి, సాసర్‌లో తీసిపెట్టిన గాజులు మళ్లీ చేతికెక్కించుకుంటోంది. ఆ గదిలోకి వెళ్లాలంటే గాజులు తీయాలి, గొలుసు తీయాలి, ఫ్యాను ఆపాలి. కడుపు మాత్రం నింపుకుని వెళ్లాలి, ఎందుకంటే ఖాళీ కడుపు చేసే గొడవ మైకు ఇట్టే పట్టేస్తుంది. చూపులేనివాళ్ల కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే చిన్న ఆఫీసు అది. ఆమెది అక్కడ చదివే ఉద్యోగం. అసలు పేరు జీతం రోజున తప్ప ఎవరికీ గుర్తుకురాదు. అందరికీ మైకమ్మే.

“ఎవరమ్మా అరిచింది?”

“తాళం. మీరు చదివిన నవల్లో అక్క ఉంది కదా ఆంటీ, ఆవిడ.”

ఆంటీ అన్న పిలుపు మైకమ్మకి గిట్టదు. అయినా ఆ నవల తను చదివిందేనని వినగానే ఆ మాట క్షమించేసింది. పడవలు బాగుచేసే తండ్రి, రేవు పక్కన ఇల్లు, ఇద్దరు కూతుళ్లు. గోడౌను తాళాలన్నీ నడుముకి వేలాడేసుకుని తిరిగే పెద్దదాన్ని ఊరంతా తాళం అంటుంది. పొద్దస్తమానం ఈల వేస్తూ తిరిగే చిన్నదాన్ని ఈల అంటుంది. బడిపిల్లల కోసం రాసిన ఆ నవలని మైకమ్మ మనసు పెట్టి చదివింది. అంతకుముందు ఏళ్ల తరబడి బీమా నిబంధనలూ, కుట్టుమిషన్ల వాడకం పుస్తకాలూ చదివిన గొంతుకి అదొక పండగ. అందుకే ఒక్కొక్కరికీ ఒక్కో గొంతు పెట్టి చదివింది. విన్నవాళ్లంతా నాటకం చూసినట్టుంది అన్నారు.

అమ్మాయి మడత కర్రని మూడు ముక్కలుగా మడిచి ఒళ్లో పెట్టుకుంది. మొహం కిటికీ వైపుంది, చెవి మాత్రం మైకమ్మ వైపుంది.

“అక్కాచెల్లెళ్ల స్వభావాలు పోల్చి రాయమన్నారు. తాళం కోపిష్ఠిది, చెల్లెలంటే గిట్టదు, ప్రతి మాటా కసురుతూనే అంటుంది, తాళాల గుత్తి బల్లకేసి కొడుతుంది అని రాశా. ఈల ప్రేమగలది అని రాశా. సున్నా వేశారు. ‘ఇదంతా పుస్తకంలో ఎక్కడుంది, చదవకుండా ఊహించి రాశావు’ అన్నారు.”

“ఊహించడమేంటి? నువ్వు విన్నావు కదా!”

“అదే చెప్పాను. వినడం వేరు, చదవడం వేరు అన్నారు. వచ్చే టర్ము నుంచి సాహిత్యం మానేసి టైపింగ్ క్లాసులో కూర్చోమంటున్నారు. శుక్రవారం ఆఫీసుకి పేర్లిచ్చేస్తారట.” అమ్మాయి కర్రని వేళ్లతో ఒకసారి మీటింది. “టైపింగ్ నాకు వచ్చు ఆంటీ. మా క్లాసులో అందరికంటే నేనే వేగం. వచ్చినదాన్నే ఏడాదంతా నేర్చుకోవాలంటే ఏడుపొస్తోంది. ఆ క్లాసొక్కటే నాకు ఇష్టం.”

మైకమ్మకి ఒళ్లు మండింది. ఎవరీ మేడం? తన చదువునే శంకిస్తుందా? “ఉండు, ఇప్పుడే చూపిస్తా,” అని అల్మారాలోంచి తన పుస్తకం లాగింది. రికార్డింగ్‌కి వాడిన కాపీ అది. ఆమె పద్ధతి ఆమెది. ముందురోజే రంగు పెన్సిళ్లు పట్టుకుని కూర్చుని, ఈల మాటల కింద నీలం గీత, తాళం మాటల కింద ఎర్ర గీత గీసుకుంటుంది. మైకు ముందు రంగు చూడగానే గొంతు మారిపోవాలి.

మొదటి ఎర్ర గీత దొరికింది. ఈల పొద్దుపోయాక రేవు నుంచి ఇంటికొచ్చిన చోటు. “‘భోజనం మూతపెట్టి ఉంది. తినేసి పడుకో,’ అంది తాళం.”

“అంది?” అంది అమ్మాయి.

“అంది.” మైకమ్మ పేజీ తిప్పింది. “ఇదిగో, ‘చెప్పులు బయటే విప్పు,’ అంది.” ఇంకో పేజీ. “‘ఇంత తడిసి ఎక్కడికెళ్లావు,’ అంది.” ఇంకా తిప్పింది. అరిచింది అని లేదు. కసిరింది అని లేదు. ఈ రాసినాయనకి అంది తప్ప ఇంకో మాట రాదా అని చిరాకొచ్చింది.

గాజు కిటికీ పక్కన కూర్చున్న రికార్డిస్టు హెడ్‌ఫోను మెడలోకి జార్చుకుని వింటున్నాడు. రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషి, ఎవరినైనా తల్లీ అనే పిలుస్తాడు. మీసం కింద నవ్వు దాచుకున్నాడని మైకమ్మకి తెలిసిపోయింది.

“మరి నేను విన్నదేంటి ఆంటీ?” అంది అమ్మాయి. నిందగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. మైకమ్మకి అదే ఎక్కువ ఇబ్బందిగా అనిపించింది.

“పుస్తకమంతా ఓసారి చూస్తాను. రేపు రా.”

మర్నాడు పొద్దున మైకమ్మ అంట్లు తోముతూ పుస్తకాన్ని కుళాయి వెనక గట్టు మీద నిలబెట్టుకుంది. తడి చేతులతో పేజీలు తిప్పలేక మోచేత్తో తిప్పుతోంది. సగం నవల అయిపోయింది, తాళం ఒక్కచోటా అరవలేదు. అంతలో ఫోను మోగింది. ఎవరో చూడక్కర్లేదు, ఆ వేళకి మోగేది ఒక్కటే. చిటికెనవేలితో స్పీకరు నొక్కి ఫోనుని అల్మారా అంచున పెట్టి, కుళాయి కట్టకుండానే మళ్లీ గిన్నె అందుకుంది.

“తిన్నావా?” అంది అక్క.

“ఆ.”

“ఏం తిన్నావు?”

“ఏదో తిన్నాలే.”

“దగ్గు తగ్గిందా?”

“ఊ.” గిన్నె అడుగు మాడింది. మైకమ్మ ఇంకాస్త బలంగా రుద్దింది.

“ఆ నీలం గౌను చంకల్లో బిగుతన్నావుగా. తెచ్చి పడెయ్యి.”

“చూస్తాలే.”

“చూడ్డం కాదు, తేవాలి.”

“సరే అక్కా, పనిలో ఉన్నా, పెట్టేస్తున్నా.” ఫోను ఆపేసి ఉఫ్ అంది. పొద్దున్నే కోర్టులో నిలబెట్టినట్టు ఈ ప్రశ్నలేంటో! ఊళ్లో అందరి అక్కలూ ఇలాగే ఉంటారా, లేక తన వంతుకే ఇలాంటిది వచ్చిందా? గిన్నెలు బోర్లించి, చేతులు తుడుచుకుని, పుస్తకం సంచిలో పడేసుకుని బయల్దేరింది.

ఆఫీసుకి వెళ్లేసరికి అమ్మాయి ముందే వచ్చి రికార్డిస్టు పక్కన స్టూలు మీద కూర్చుంది. ఇద్దరి చెవుల్లోనూ హెడ్‌ఫోన్లే. “ఈ పిల్లని మా ఆఫీసులో పెట్టుకోవాలి తల్లీ,” అన్నాడు రికార్డిస్టు. “నువ్వెక్కడ నీళ్లు తాగావో చెబుతోంది.”

మైకమ్మకి తన గొంతు తను వినడం పరమ అసహ్యం. చాలామంది చదివేవాళ్లకి అంతే. అయినా మూడో హెడ్‌ఫోను తగిలించుకుంది. ముందు ఈల వచ్చింది, కిలకిలలాడుతూ. తర్వాత తాళం వచ్చింది. “తినేసి పడుకో.”

ఆ రెండు ముక్కలూ గరిటె పెట్టి కొట్టినట్టున్నాయి. పుస్తకంలో ఉన్నవి అవే అక్షరాలు. ఎక్కడా ఒక్క మాట కలపలేదు. అయినా వింటుంటే ఆ చెల్లెలు ఆ ఇంట్లో ఒక్క పూట కూడా ఉండకూడదనిపించింది.

రికార్డిస్టు ఆపాడు. అమ్మాయి హెడ్‌ఫోను తీసి, “ఆంటీ, ఈ గొంతు ఎవరిది?” అంది.

“ఎవరిదేంటి? నాదే. నేను కల్పించింది.”

“ఈల గొంతు కల్పించింది. మొదట్లో చిన్నపిల్లలా ఉంది, మధ్యలో కాస్త ముక్కుతో పలికారు, చివరికొచ్చేసరికి మర్చిపోయి మీ సొంత గొంతుతోనే చదివేశారు. తాళం గొంతు అలా కాదు. మొదటి నుంచి చివరిదాకా పిసరంత మారలేదు. కల్పించింది అలా నిలబడదు ఆంటీ. ఎవరో నిజంగా ఉన్నారు.”

“చెప్పెయ్ తల్లీ,” అన్నాడు రికార్డిస్టు. “రోజూ ఆఫీసుకి రాగానే మీ అక్క ఫోనులో ఏమందో, ఎలా అందో మాకు చేసి చూపిస్తావుగా. నాకు మొదటి రోజే తెలుసు.”

“తెలిస్తే అప్పుడే ఎందుకు చెప్పలేదు?”

“బాగుంది కదా అని ఊరుకున్నా.”

మైకమ్మకి మొహం వేడెక్కింది. చదివేవాళ్లు తమ సొంతం కలపకూడదని గోడ మీద పెద్ద అక్షరాలతో అట్ట వేలాడుతోంది. దాని కిందే కూర్చుని రోజూ టీ తాగుతుంది తను. అక్క మీది విసుగునంతా తీసుకెళ్లి ఊరూ పేరూ లేని ఒక పుస్తకంలో పిల్ల నెత్తిన రుద్దింది. దాని ఫలితం ఇదిగో, ఇంకో పిల్ల క్లాసు పోగొట్టుకోబోతోంది. సిగ్గనిపించింది. సిగ్గు వెనకే అక్క మీద ఇంకాస్త కోపం కూడా వచ్చింది.

“ఆ భాగాలన్నీ మళ్లీ చదివేస్తా. ఈసారి మామూలుగా,” అంది.

“చదివేసరికి శుక్రవారం దాటిపోతుంది,” అంది అమ్మాయి. “పైగా ఈసారి నా కోసమని మంచి గొంతు పెడతారు. అది కూడా మీరు పెట్టిందేగా?”

“మరేం చేద్దామంటావు?”

అమ్మాయి స్టూలు మైకమ్మ వైపు జరుపుకుంది. “మీ అక్కగారు మాట్లాడుతుంటే నేను ఒకసారి వినొచ్చా? ఆవిడ దగ్గర్నుంచి మీరేం తెచ్చారో, ఏం వదిలేశారో తెలుస్తుంది కదా.”

ఇదేం కోరిక! రికార్డిస్టు పకపకా నవ్వాడు. మైకమ్మ కాదనడానికి నోరు తెరిచింది గానీ, ఆ గొంతులో అసలు ఏముందో తెలుసుకోవాలని తనకీ ఉన్నట్టు అప్పుడే తెలిసింది.

గురువారం సాయంత్రం ఇద్దరూ బయల్దేరారు. మైకమ్మ చేతిలో నీలం గౌను, అమ్మాయి భుజాన ఒక పక్క పట్టీ తెగిన బడిసంచి. వంక దొరికిందని ఇద్దరూ సంబరపడ్డారు.

అక్క దుకాణం అంటే రెండు పెద్ద దుకాణాల మధ్య ఇరుక్కున్న సందులాంటి గది. ఎదర కాలితో తొక్కే మిషన్, వెనక గోడ నిండా హ్యాంగర్లు, నేల మీద దారాల ముక్కలు, గుడ్డపీలికలు. కొత్త బట్టలు కుట్టదు. పొడుగువి పొట్టి చేస్తుంది, బిగుతువి వదులు చేస్తుంది, చిరిగినవి అతుకుతుంది. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని కూడా స్పష్టంగా మాట్లాడగలదు. ఆ విద్య మైకమ్మకి లేదు.

మిషన్ ఆగింది. “వచ్చావా,” అంది అక్క, తల ఎత్తకుండా. “నించున్నావేం? కూర్చో.”

మైకమ్మ అమ్మాయి చెవిలో, “చూశావా?” అంది. అమ్మాయి బల్ల తడుముకుని కూర్చుంది. మిషన్ మళ్లీ టకటకా మొదలైంది.

ఒకాయన ప్యాంటు తెచ్చాడు. “ఎంత తగ్గించాలి?” అని అక్క తొక్కుతూనే అడిగింది. ఆయన అంగుళం అన్నాడు. “బూట్లు వేసుకుని నిలబడండి, చెప్తా,” అంది, తొక్కుతూనే. తర్వాత ఒకావిడ కిటికీ తెరలు ఎప్పుడిస్తావంటూ గుమ్మంలోనే దెబ్బలాటకి దిగింది. మిషన్ చప్పుడు మీదుగా ఇద్దరూ కేకలేసుకుని, చివరికి సోమవారానికి ఒప్పుకున్నారు.

మిషన్ ఆగింది. “మొహం అలా పీక్కుపోయిందేం?” అంది అక్క చెల్లెలితో. “నిద్రపోవట్లేదా?”

“పోతున్నా.”

“గౌను ఇటివ్వు.” చంకల దగ్గర వేలు పెట్టి చూసింది. “కుట్టు విప్పితే గుడ్డ ఉంది. బతికిపోయావు.” మళ్లీ టకటక.

పక్క దుకాణం ఆయన చిల్లర అడిగితే తొక్కుతూనే డబ్బా వైపు గడ్డం చూపించింది. అమ్మాయి సంచి పట్టీ గురించి అమ్మాయితో మాట్లాడినప్పుడూ తొక్కుతూనే ఉంది. “దీన్నిండా రాళ్లు మోస్తున్నావా, పుస్తకాలా?” అంది. అమ్మాయి నవ్వి, “రెండూ,” అంది. అక్క కూడా నవ్వినట్టే ఉంది, సూదులుండటం వల్ల సరిగా తెలియలేదు.

మిషన్ ఆగింది. “దగ్గు మందు అయిపోతే చెప్పు. ఊరికే నీలుగుతూ తిరక్కు,” అంది చెల్లెలితో.

గౌను అక్కడే వదిలి, మైకమ్మ అమ్మాయితో వీధి చివరిదాకా నడిచింది. అక్కడికొచ్చాక, “విన్నావుగా? నేనేం కలపలేదు. అచ్చం అలాగే చదివా,” అంది. గెలిచినట్టే అంది గానీ, గెలిచిన సంతోషం రాలేదు.

“అవును, అచ్చం దింపేశారు,” అంది అమ్మాయి. కర్ర అంచు గట్టుకి తగిలిస్తూ నడుస్తోంది. “కానీ ఒకటి వదిలేశారు ఆంటీ.”

“ఏంటది?”

“మిషన్.”

“మిషనేంటి?”

“ఆవిడ అందరితోనూ మిషన్ తొక్కుతూనే మాట్లాడారు. తెరలావిడతో పోట్లాడుతున్నప్పుడు కూడా ఆపలేదు. నాతో కూడా ఆపలేదు. మీతో మాట్లాడేటప్పుడే ఆపారు. ప్రతిసారీ. మొదట ఆగడం వినిపిస్తుంది, తర్వాత మాట వినిపిస్తుంది. మూడోసారి మిషన్ ఆగినప్పుడు, ఇప్పుడు మీతో ఏదో అంటారని నాకు ముందే తెలిసిపోయింది.”

మైకమ్మ నడుస్తున్నదల్లా నిలబడిపోయింది. ఆ మిషన్ చప్పుడు ఆమెకి ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. అది ఆగడం ఎప్పుడూ వినలేదు.

“పుస్తకం ఉందా?” అంది అమ్మాయి. “ఆ మొదటి చోటు చదవండి. తాళం మాటకి ముందున్న వాక్యంతో సహా. గొంతేం పెట్టకండి, బస్సు టికెట్టు చదివినట్టు చదవండి.”

బస్టాపు బల్ల మీద కూర్చుని మైకమ్మ పుస్తకం తెరిచింది. ఎర్ర గీతకి పైన ఒక చిన్న వాక్యం ఉంది. దాని కింద ఏ రంగూ లేదు. మాటలు కాని వాక్యాలకి ఆమె గీత గీయదు. తర్వాతి గొంతు కోసం ఊపిరి సర్దుకుంటూ వాటిని గబగబా దాటేస్తుంది.

“తాళం చేతిలోని గుత్తి బల్ల మీద పెట్టింది,” అని చదివింది. “‘భోజనం మూతపెట్టి ఉంది. తినేసి పడుకో,’ అంది.”

“ఇంకోటి.”

“తాళం గుత్తి పక్కన పెట్టింది. ‘ఇంత తడిసి ఎక్కడికెళ్లావు,’ అంది.”

“పడవవాళ్లతో మాట్లాడిన చోటు?”

వెతికింది. “గుత్తి వేలికి తిప్పుతూనే బదులిచ్చింది.” తండ్రితో మాట్లాడిన చోటు కూడా చూసింది. అక్కడ తాళం ఏదో తలుపు తీస్తూ మాట్లాడుతోంది, చేతులు ఆగలేదు. చెల్లెలితో మాట్లాడిన చోటల్లా గుత్తి కిందికి దిగుతోంది. నవల పొడుగునా అంతే. ఇద్దరూ ఒకరి మాటకి ఒకరు అడ్డొస్తూ, ఇంకోటి, ఇంకోటి అంటూ వెతికారు. రెండు బస్సులు వచ్చి వెళ్లిపోయాయి. మైకమ్మకి ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒక పుస్తకం ఇంత ఆత్రంగా తిప్పిన గుర్తు లేదు.

“పెట్టింది అనే చదివారు మీరు. నాకు గుర్తుంది,” అంది అమ్మాయి. “కానీ ఆ గొంతు పక్కన అది బల్లకేసి కొట్టినట్టే ఉంది. నేనలాగే రాసేశా.” తర్వాత మెల్లిగా అంది, “ఇప్పుడు ఈల ఏం చేస్తుందో చూడండి.”

మైకమ్మ నీలం గీతల దగ్గరికి వెళ్లింది. ఈల తెడ్డుకి రంగు వేస్తూనే అక్కకి జవాబు చెబుతోంది. ఈల వేస్తూనే తలూపుతోంది. గాలానికి ఎర గుచ్చుతూనే “ఊ” అంటోంది. అన్నీ ముద్దుముద్దు మాటలే. ఒక్కచోట కూడా చేతిలో పని ఆగలేదు.

“తాళం మాట గరుకు, చెవి మెత్తన,” అంది అమ్మాయి, రాయబోయేదాన్ని నోట్లో నలుపుకుంటున్నట్టు. “ఈల మాట మెత్తన, చెవే లేదు.”

ఆ రెండో మాట మైకమ్మకి ఎక్కడో గట్టిగా గుచ్చుకుంది. పుస్తకం మూసి, బస్సొచ్చిందేమో అని అటు చూసింది.

శుక్రవారం మధ్యాహ్నం బళ్లో టీచర్ల గది ముందు అమ్మాయి ఆగి, “ఆంటీ, మీరు లోపలికి రండి గానీ ఏం మాట్లాడకండి,” అంది.

“తప్పు నాదని చెప్పొద్దా? చెబుదామనే సెలవు పెట్టి వచ్చా.”

“మీరు చెబితే, మీరే నేర్పి తీసుకొచ్చారంటారు. అప్పుడు నేను మళ్లీ విన్నదాన్నే అవుతాను.”

సాహిత్యం మేడం బల్ల మీద జవాబు కాయితాల గుట్ట ఉంది. ఎర్రపెన్ను గీరుతూనే ఉంది. మనిషి అలిసిపోయి ఉంది, కళ్లజోడు ముక్కు మీదికి జారిపోయింది. దుర్మార్గురాలు అనుకుందామని వచ్చిన మైకమ్మకి ఆ అవకాశం దక్కలేదు.

“చెప్పు,” అంది మేడం, కాయితం మీద నుంచి కళ్లెత్తకుండా. “వీరెవరు?”

“పుస్తకం చదివిన ఆవిడ మేడం. ఈవిడ మాట్లాడరు.”

మేడం ఒక క్షణం మైకమ్మని చూసి, మళ్లీ పెన్ను కదిపింది. “నేనడిగింది పేజీ.”

“తాళం అరిచిన పేజీ లేదు మేడం. నేను రాసింది తప్పు. సున్నా సరైనదే.” అమ్మాయి టైపు చేసుకొచ్చిన కాయితాలు బల్ల అంచు తడిమి పెట్టింది. “మళ్లీ రాశాను. తాళం తన చెల్లెలితో మాట్లాడే ముందు ప్రతిసారీ గుత్తి కింద పెడుతుంది. ఇంకెవరితో మాట్లాడినా పెట్టదు. కోపంలో కూడా ఆమెకి చెల్లెలి మాట వినాలని ఉంటుంది. ఈల ఎవరితోనూ కసరదు, కానీ అక్క కోసం చేతిలో పని ఆపదు.”

“అందరూ దాన్ని ఉత్సాహం అని రాశారు,” అంది మేడం. పెన్ను ఒక టిక్కు పెట్టింది.

“ఉత్సాహమే మేడం. వినకపోవడం కూడా.”

“తాళం మంచిది అంటావా మరి?”

“మంచిదని అనట్లేదు. ఆవిడతో ఒకే ఇంట్లో ఉండటం కష్టమే. అది కూడా రాశాను, రెండో పేజీలో.”

మైకమ్మ పెదాలు బిగించి నిలబడింది. మాట్లాడటమే ఉద్యోగమైన మనిషికి ఆ కాసేపు ఊరుకోవడం అంత తేలిక కాలేదు. మేడం ఎడమచేత్తో సొరుగు లాగి తన పుస్తకం తీసింది. కుడిచేత్తో పెన్ను ఇంకా ఎవరి పేపరు మీదో నడుస్తోంది. ఒక పేజీ తెరిచింది. ఇంకో పేజీ తెరిచింది. పడవవాళ్ల దగ్గరికి వెళ్లింది, మళ్లీ వెనక్కి వచ్చింది. పెదాలు కదుపుతూ చదువుకుంది.

పెన్ను ఆగింది. అమ్మాయి మొహంలో చిన్న వెలుగు కదిలింది. మేడం పెన్నుకి మూత పెట్టి బల్ల మీద ఉంచి, మొదటిసారి తలెత్తి అమ్మాయిని చూసింది.

“చివర్లో?” అంది. “చివర్లో కూడా ఈల ఆపదా?”

“ఆపుతుంది మేడం. ఒక్కసారి. ఆఖరి అధ్యాయంలో తాళం మామూలుగానే పిలుస్తుంది, ఈల కుంచె కింద పెట్టి ‘చెప్పక్కా’ అంటుంది. అంతే, అక్కడ పుస్తకం అయిపోతుంది. అంత చిన్న మాటతో ఎందుకు ఆపేశారో నాకు అప్పుడు అర్థం కాలేదు.”

మేడం ఆఖరి పేజీ తీసి చూసింది. చాలాసేపు చూసింది. గదిలో ఇంకో బల్ల దగ్గర ఎవరో స్టేప్లరు కొడుతున్నారు. తర్వాత ఆవిడ పుస్తకం మూసి, టైపు కాయితాలు తన వైపు లాక్కుంది.

“ఆఫీసుకి నీ పేరు ఇవ్వట్లేదు,” అంది. “సోమవారం దీన్ని క్లాసులో వినిపించాలి. వెళ్లు, నాకు బోలెడు పనుంది.”

వరండాలోకి రాగానే మైకమ్మ అమ్మాయిని గట్టిగా వాటేసుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు. ఎవరున్నారు చూడ్డానికి?

“ఎలా అన్నారో విన్నారా ఆంటీ? కసిరినట్టే లేదూ?” అంది అమ్మాయి నవ్వుతూ. “అయినా పెన్ను మళ్లీ పట్టుకోలేదు. నేను తలుపు దాటేదాకా చెవి పెట్టి ఉంచా.”

ఆదివారం మైకమ్మ ఆలస్యంగా లేచి, ఆలస్యంగా తిని, సాయంత్రానికి గానీ అంట్ల జోలికి పోలేదు. కుళాయి తిప్పి, పీచుకి సబ్బు రాసింది. సోమవారం నుంచి తాళం భాగాలు మళ్లీ చదవాలి. మేనేజరుకి ముందే చెప్పేసింది. ఆయన అట్ట వైపు వేలు చూపించి, కాస్త గొణిగి, సరేనన్నాడు. ఎలా చదవాలో ఆమెకింకా తేలలేదు. తేలనిది ఒకటుందని తలుచుకుంటే మాత్రం హుషారుగానే ఉంది. పుస్తకంలో రంగులేని వాక్యాల కింద పెన్సిల్‌తో సన్నటి గీత పెట్టుకోవడం ఇందాకే అయింది. ఆ గీతల దగ్గర తను ఆగే చోట కత్తెర వేయొద్దని రికార్డిస్టుకి చెప్పాలి. ఖాళీ కనిపిస్తే చాలు, ఆయన చెయ్యి ఊరుకోదు.

ఫోను మోగింది.

ఆదివారాలు అక్క చేసేది సాయంత్రమే. సబ్బు చిటికెనవేలు అలవాటుగా స్పీకరు వైపు వెళ్లింది. సగంలో ఆగింది. మైకమ్మ గిన్నె కింద పెట్టింది. కుళాయి కట్టేసింది. ఒక చుక్క ఆగి, ఇంకో చుక్క పడి, అది కూడా ఆగిపోయింది. తువ్వాలుతో రెండు చేతులూ తుడుచుకుని, ఫోను తీసి చెవికి ఆనించుకుంది.

“చెప్పక్కా,” అంది.

అవతల మాట లేదు. మిషన్ చప్పుడు కూడా లేదు. అక్క ఊపిరి మాత్రం వినిపిస్తోంది. ఇన్నేళ్లుగా స్పీకరులోంచి అది ఎప్పుడూ వినపడలేదు.

“ఏమైందే?” అంది అక్క చివరికి. ఆ గొంతులో గరుకు ఎక్కడికీ పోలేదు, కాకపోతే దాని కింద భయం ఉంది. “ఒంట్లో బాలేదా? కుళాయి చప్పుడు లేదేంటి?”